పిల్లల చేతికి ఏ పుస్తకం?

బేస్తవారిపేటలో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ దాంతోపాటే గ్రంథాలయ పన్నూ కడుతోంది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. పెద్ద మొత్తమేమీ కాదు గనుక దాని మీద ఎవరి దృష్టీ నిలవదు. కానీ ఊళ్లో చదువుకునే గది, అందులో బీరువాలు, పొద్దున్నే బల్ల మీదికి వచ్చే పేపర్లు, ఇవన్నీ మన సొమ్మేనని చెప్పే ఆధారం ఆ పైసలే.

ఈ ఏర్పాటుకు పునాది 1948లో పడింది. మద్రాసు ప్రభుత్వం చేసిన పౌర గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో అలాంటి వాటిలో మొదటిది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించిన చట్టమది. అప్పట్లో మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతమంతా కర్నూలు జిల్లా. కర్నూలులోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కుగా ఉన్న కాలమది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి మనం అటు చేరాం. ఆ జిల్లాకు ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది.

చట్టానికి ముందే జనం తమంతట తాము చేసుకున్న పని చాలా ఉంది. విజయవాడలో 1914లోనే గ్రంథాలయాల మహాసభ జరిగింది. మొన్న 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వేటపాలెంలో, 1918లో కొందరు యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ స్వయంగా శంకుస్థాపన చేశారు. ఆనాటివాళ్లు పుస్తకం ఊరికి రావాలని పాటుపడ్డారు, తెచ్చారు. ఊరికి వచ్చిన పుస్తకం పిల్లల చేతికి చేరడం మాత్రం ఇంకా మిగిలిన పని. రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది ఒకటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలన్నది ఇంకొకటి. ఈ రెండూ వాటంతటవే జరగవు, మధ్యలో ఒక మనిషి మాట ఉండాలి.

మన మండలాల్లోని శాఖా గ్రంథాలయాల్లో పొద్దున పెద్దవాళ్లు పేపర్ల కోసం వస్తారు. పగలంతా డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకునే యువకులు కూర్చుంటారు. బడి వదిలాక వచ్చే పిల్లలకు అడుగు అరలోని బొమ్మల పుస్తకాలే దిక్కు. ఏది సన్నగా ఉంటే అది తీస్తారు, రెండు పుటలు తిప్పి పెట్టేస్తారు. రిజిస్టరు రాసేదీ, తాళం వేసేదీ ఒకే మనిషి. ఆయన ఒక్కో పిల్లవాణ్నీ కూర్చోబెట్టుకుని చెప్పాలంటే కుదిరే పని కాదు.

వెనకటి తరానికి ఆ లోటు తీర్చింది చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు వచ్చాయి. ‘తోకచుక్క’తో పట్టుకున్న పిల్లలు నెల తిరిగేదాకా ఆగలేకపోయేవారు. పన్నెండు సంచికలు కలిపి దారంతో కుట్టిన బైండుల అంచులు వేళ్ల చెమటకు నల్లబడి ఉండేవి, కథ మంచి పట్టులో ఉన్నచోట పుటలు ఊడి వచ్చేవి. తర్వాత ఏం చదవాలో పిల్లలు ఎవరినీ అడగనక్కర్లేదు, వచ్చే నెల సంచికే చెప్పేది. ఇప్పుడు చందమామ లేదు. అందుకే గ్రంథాలయమే ఒక జాబితా పెట్టి, నోరు విప్పి చెప్పాలి అంటున్నాను.

నన్నడిగితే ఆ జాబితా ఇలా మొదలుపెడతాను. నాలుగు, అయిదు తరగతుల వాళ్లకు ‘నొప్పి డాక్టరు’. జంతువులకు వైద్యం చేసే డాక్టరు కథ, రష్యా నుంచి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు పైకి చదివి వినిపిస్తే బాపు బొమ్మల ‘బుడుగు’. ఆరు దాటాక ‘రైలుబడి’. పాత రైలుపెట్టెల్లో బడి నడిపిన జపాన్ హెడ్‌మాస్టరునూ, వేరే బడి వద్దని పంపేసిన పిల్లను ఆయన అక్కున చేర్చుకున్న తీరునూ ఒక్కసారి చదివిన పిల్లలు మరిచిపోరు. టీచర్లు కూడా చదవాలి.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. ఆయన ఊరు కావలి మనకు ఎంతో దూరం కాదు, ఆ ఊరి మాట మన చెవికి కొత్త కాదు. భానుమతి ‘అత్తగారి కథలు’ కూడా. ఆమె పుట్టిన దొడ్డవరం ఒంగోలు పక్కనే. పది, ఇంటర్ పిల్లలకు కలాం ‘ఒక విజేత ఆత్మకథ’, సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’. రెండోది బరువైన పుస్తకం, అయినా ఆ వయసు మోయగలదు.

వీటన్నిటికంటే ముందు మన పిల్లలకు ఇవ్వాల్సింది టంగుటూరి ప్రకాశం ‘నా జీవితయాత్ర’లోని బాల్యం భాగం. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపింది. పరీక్ష ఫీజుకు డబ్బు పుట్టక తన పట్టుచీర తాకట్టు పెట్టింది. వాన లేని ఏడు వలసపోయే ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలకు ఈ ఘట్టం ఎవరూ వివరించాల్సిన పని లేదు.

జాబితా ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గుమ్మం దగ్గర కట్టాలి. నెలకోసారి మార్చాలి. చదివిన పిల్లలు తమకు నచ్చిన పుస్తకం పేరు కింద రాయడానికి ఖాళీ వదలాలి. పెద్దలు చెప్పినదానికంటే తోటి పిల్ల చెప్పిన పుస్తకం తొందరగా బీరువా దాటుతుంది. ఏటా జరిగే వేసవి శిబిరాల్లో ఈ పని పిల్లలకే అప్పజెప్పవచ్చు.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలు దేశమంతటా ఉన్నారు. ఆ పలకలు పంపిన నేల మీది పిల్లలకు చదవడానికి మంచి పుస్తకాలు కరువు కాకూడదు. ఉపాధ్యాయులకు, పంచాయతీ పెద్దలకు, ఉద్యోగాలకు బయటి ఊళ్లు వెళ్లిన మనవాళ్లకు ఒక విన్నపం: బడి పోటీల్లో బహుమతిగా ఇచ్చే షీల్డుల బదులు ఈ పుస్తకాలు ఇవ్వండి, ఒక్కో ప్రతి గ్రంథాలయానికీ కొనివ్వండి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేనాటికి మొదటి జాబితా గుమ్మానికి ఎక్కాలి.