నశింపని వస్తువు : సిలికోను చరిత్రము

మన పెద్దల వంటయిండ్లలోని సామానులు తమ జీవితమును ముగించు విధము మన మెరిగినదే. కుండ పగిలిన పెంకులు మంటిలో కలిసెడివి, విస్తరాకు ఎరువయ్యెడిది, చొట్టపడిన ఇత్తడి బిందె కరగి మరల బిందె యయ్యెడిది. వస్తువును ఇంటికి తెచ్చునప్పుడే అది యెట్లు పోవునో యని యోచింపవలసిన పని వారికి లేకుండెను. నేడట్లు కాదు. ప్లాస్టికు చేసిన కీడును గుర్తించిన గృహస్థులు దానికి బదులుగా సిలికోను అచ్చులను, మూతలను, గరిటెలను, పసిబిడ్డల పాలపీకలను కొనుచున్నారు. ఇది ఇసుకనుండి పుట్టినది గావున ప్రకృతికి హాని చేయదని అమ్మువారు చెప్పుచుందురు. ఈ మాటయందు నిజమెంతయో తెలియవలెనన్న, ఈ పదార్థము పుట్టి పెరిగిన చరిత్రమును చూడవలయును.

ఇసుకయందును పలుగురాతియందును సిలికాను అను మూలపదార్థము ప్రాణవాయువుతో గట్టిగా పెనగొని యున్నది. దానిని స్వీడను దేశీయుడగు బెర్జీలియసు 1824లో వేరుచేసెను. 1863లో ఫ్రీడెలు, క్రాఫ్ట్సు అను రసాయన శాస్త్రజ్ఞు లిరువురు దానిని కర్బనముతో సంధించి, ప్రకృతియందు లేని క్రొత్త జాతి పదార్థములకు దారి తీసిరి. సిలికాను మూలపదార్థము, సిలికోను మానవ నిర్మితము. పేర్లు దగ్గరగా నున్నను రెండును ఒకటి కావు.

సిలికోనను పేరు పెట్టినవాడు ఇంగ్లాండునందలి నాటింగుహాము కళాశాలలో ఆచార్యుడైన కిప్పింగు. ఆయన 1899 మొదలు నాలుగు దశాబ్దముల వరకు ఈ పదార్థములను శోధించెను. కీటోనులను కర్బన పదార్థముల వంటివే సిలికానుతోను ఏర్పడునని తలచి ఆ పేరు పెట్టెను. ఆ యూహ నిజము కాలేదు. పేరు మాత్రము నిలిచినది. ఆయన కోరిన స్ఫటికములకు మారుగా గాజుపాత్రల యడుగున జిగురు వంటి మడ్డి మిగిలెడిది. అది ఆయనకు విసుగునే కలిగించెను. 1937లో ప్రకటితమైన తన యుపన్యాసమునందు, ఈ శాఖలో సమీపకాలమున గొప్ప యభివృద్ధి కలుగునని తాను ఆశింపలేనని ఆయన వ్రాసెను. ఆ మడ్డియే నేటి సిలికోను!

ఆ జిగురునకు విలువ కట్టినది విద్యుద్యంత్ర పరిశ్రమ. అమెరికాలో కార్నింగు గాజు సంస్థకు చెందిన హైడు, విద్యుద్యంత్రముల వేడికి తాళగల పూతకొరకు వెదకుచు దీనిని చేపట్టెను. 1940 మే 10వ తేదీన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందలి రోఖో, సిలికాను పొడిని రాగితో కలిపి వేడిచేసి, దానిపై మిథైల్ క్లోరైడు వాయువును నడిపి, సిలికోనునకు కావలసిన ముడిద్రవ్యమును సులభముగా సాధించెను. జర్మనీలో ముల్లరు అను నాతడును స్వతంత్రముగా ఇదే మార్గమును కనుగొనెను. 1943లో డౌ కార్నింగు సంస్థ స్థాపితమయ్యెను. యుద్ధవిమానము లెత్తున ఎగురునప్పుడు వాని విద్యుత్సాధనములకు తేమ తగులకుండ కాపాడు జిడ్డు ఆ సంస్థ తొలి సరకులలో నొకటి. యుద్ధము ముగిసిన పిమ్మట అదే పదార్థము మెరుగునూనెగను, అతుకుజిగురుగను, రబ్బరుగను మారి గృహములలో ప్రవేశించెను. యుద్ధమునకు మెచ్చుకొనిన గుణమే గృహమునకును మెప్పైనది: అది వేడికి చెడదు, నీటికి నానదు, ఎండకు పెళుసెక్కదు. అనగా సులభముగా నశింపదు.

ఇక ఇసుకనుండి పుట్టినదను మాటను విచారింతము. పలుగురాతిని బొగ్గుతోను కొయ్యముక్కలతోను చేర్చి, విద్యుత్కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిని కలిగించినగాని సిలికాను వెలువడదు. ఒక కిలో సిలికానునకు 11 మొదలు 13 యూనిట్ల వరకు విద్యుత్తు వ్యయమగును. బొగ్గు తన వంతుగా బొగ్గుపులుసు వాయువును విడుచును. పైన చెప్పిన మిథైల్ క్లోరైడునకు మూలమైన మిథనాలు ఎక్కువగా సహజవాయువునుండియో బొగ్గునుండియో వచ్చుచున్నది. కావున అమ్మువారి మాట సగము సత్యము మాత్రమే.

అంతమున దాని గతి యేమి? కరగించి మరల పోతపోయుటకు ఇది ఇత్తడి కాదు. ఒకమారు గట్టిపడిన సిలికోను రబ్బరు మరల కరగదు. రసాయనములచే విడదీయవచ్చును గాని, అట్టి కర్మాగారములు మన వీధి చెత్తబండికి అందుబాటులో లేవు. 2025లో ఫ్రాన్సునందలి లియాను శాస్త్రజ్ఞులు, గాలియము సాయముతో 40 డిగ్రీల వేడిమిలోనే దానిని మొదటి ముడిద్రవ్యముగా మార్చు విధానమును ప్రకటించిరి. ఇది ఆశాజనకమే, అయినను ప్రయోగశాలనుండి ఊరివరకు దారి దూరము.

పాత్రరూపమున నున్న సిలికోనుకంటె తలకు రాచుకొను సిలికోను విషయమై మన మెక్కువ జాగరూకులము కావలసి యున్నది. జుట్టునకు నునుపునిచ్చు ద్రవములలోను ముఖలేపనములలోను చక్రాకారపు సిలాక్సేనులు కొన్ని గలవు. అవి ఆరి గాలిలో కలియును. కడిగినవి మురుగునీటితో పోవును. ఉత్తరధ్రువ ప్రాంతపు గాలియందును ఇవి కనబడినవి. మురుగునుండి తీసిన వాయువును మండించు యంత్రములలో ఇవి గట్టి యిసుకపొరగా పేరుకొని యంత్రములను చెరచుచున్నవి. 2018లో ఐరోపా సమాఖ్య వీనిలో మూడింటిని ప్రకృతియందు నిలిచి, జీవుల శరీరములలో కూడుకొను పదార్థములుగా నిర్ణయించెను. 2020 నుండి కడిగివేయు అంగరాగములలో రెండింటిని నూటికి 0.1 వంతునకు లోబరచి, 2024లో ఆ కట్టుబాటును మరింత విస్తరించెను. కెనడాలో 2011లో పండితుల సంఘమొకటి వీనిలో నొకదానివలన ప్రకృతికి అపాయము లేదని తేల్చిన మాటయు ఇచట చెప్పకుండుట న్యాయము కాదు. వివాద మున్నది, కాని ఒకమారు గాలిలోనికి విడిచినదానిని మరల పట్టితేగలవా రెవ్వరును లేరు.

కావున సోదరీసోదరులారా, సిలికోనును దూషింపవలసిన పనిలేదు, పూజింపవలసిన పనియు లేదు. నశింపకుండుట దాని గుణము. ఇరువదియేండ్లు వాడిన అచ్చునందు ఆ గుణము సార్థకము. వేడుకకు కొని యేడాదిలో పారవేసిన అచ్చునందు అదియే దోషము. ఒకదినపు నిగనిగకై తలకు రాచుకొని మురుగునకు పంపిన ద్రవమునందు అది మన బిడ్డలకు మిగిల్చిన అప్పు. ఇంట నున్న ఇత్తడి గరిటెను మూలపడవైచి, ప్రకృతిని రక్షించు నెపమున క్రొత్త సిలికోను గరిటెను తెచ్చుట సంస్కారము కాదు, సంతలో మోసపోవుట. కొనుటకు ముందు "ఇది దేనినుండి వచ్చినది?" అని యడుగుట మనకు అలవడినది. "దీని నెన్నేండ్లు ఉంచుకొందును? తుదకు ఇది యెచటికి పోవును?" అని యడుగుటయు అలవరచుకొందము గాక.