ఈ ఏడు కొన్న నాణేల్లో నా ఫేవరెట్ ఇదే: బొమ్మ అరిగిపోయింది, చీటీ మాత్రం ఉంది

జక్రాన్‌పల్లి నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేసిన. ఏడాది ఆఖరు కాబట్టి 2024లో నేను కొన్న పాత నాణేలు ఇవాళ టేబుల్ మీద పెడుతున్న. మొత్తం పదకొండు. పదకొండూ చూపిస్తే మీకు నిద్ర వస్తది, అందుకే మూడే చూద్దాం. మధ్యలో నావి కాని నాణేల గురించి కూడా మాట్లాడుకుందాం. వాటి ముందు నా పదకొండూ దిగదుడుపే.

ముందే ఒక మాట. ఇవి లక్షల రూపాయల నాణేలు కావు. "ఈ బిళ్ల మీ ఇంట్లో ఉంటే మీరు కోటీశ్వరులు" అని థంబ్‌నెయిల్ పెట్టేటోళ్లు వేరే ఉన్నరు, వాళ్లను నమ్మకండి. నా బడ్జెట్ నెలకు రెండు వేలు. సాఫ్ట్‌వేర్ జీతం వచ్చినన్ని రోజులు ఐదు వేలు ఉండె, ఉద్యోగం వదిలేసినంక రెండుకు దిగింది.

సరే, మొదటిది. వెండిది. పంచ్ మార్క్డ్ కాయిన్ అంటరు, మన స్కూలు పుస్తకాల్లో విద్ధాంక నాణెం అని ఉంటది. గుండ్రంగా లేదు, చూడండి. వెండి రేకును ముక్కలు చేసి, బరువు ఎక్కువైతే మూల కత్తిరించి సరిచేసి, ఆ తర్వాత ఒక్కో గుర్తును ఒక్కో పంచ్‌తో కొట్టేవాళ్లు. అందుకే గుర్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటయి. దీని తూకం లెక్క 32 గురిగింజల ఎత్తు, అంటే దాదాపు మూడున్నర గ్రాములు. నాది 3.3 గ్రాములు తూగింది. రెండు వేల ఏండ్లకు పైగా చేతులు మారి, మట్టిలో ఉండి వచ్చిన దానికి అంత అరుగుదల మామూలే. రాజు పేరు లేదు, అక్షరం ముక్క లేదు. ముందువైపు ఐదు గుర్తులు. వెనకవైపు చిన్న చిన్న గుర్తులు కొన్ని ఉన్నయి, అవి వెండి అసలుదా కాదా అని చూసిన షరాబులు కొట్టినవని చాలామంది అంటరు. ఇప్పుడు బిల్లు మీద స్టాంపు వేస్తరు గదా, అట్ల.

అమ్మినాయన దీని కవర్ మీద "అశ్మక జనపదం" అని రాసిండు. ఎందుకు రాసిండో నాకు చూడంగనే అర్థమైంది. బుద్ధుడి కాలం నాటి పదహారు మహాజనపదాల్లో వింధ్య పర్వతాలకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే, అది కూడా మన గోదావరి ఒడ్డున. దాని రాజధాని పోతలి, పోదన అని పాత గ్రంథాల్లో ఉంది. ఆ పోదననే ఇప్పటి మన బోధన్ అని చాలామంది చరిత్రకారులు చెప్తరు. బోధన్ అంటే మనకు షుగర్ ఫ్యాక్టరీ గుర్తొస్తది, శక్కర్‌నగర్ గుర్తొస్తది. చెరుకు కంటే రెండు వేల ఏండ్ల ముందే అక్కడ ఒక రాజధాని ఉందంటే నిజామాబాద్ పిల్లగాడు ఎవడైనా పర్సు తీస్తడు. ఆయన లెక్క అది.

కానీ నాణెం మీద సూర్యుడి గుర్తు, దాని పక్కన ఆరు చేతుల గుర్తు ఉన్నయి. ఆ రెండూ కలిసి ఉంటే అది మగధ సిరీస్. ఈ సిరీస్‌లోని వందల రకాలను గుప్తా, హార్డేకర్ అనే ఇద్దరు కలిసి నంబర్లు వేసి కేటలాగ్ చేసిన్రు. అందులో చూపించి, మగధ రేటే ఇస్తా అన్న. పదిహేను వందలకు ఇచ్చిండు. మంచి నాణెం, నాకు ఇష్టం. అయితే "ఇది ఎక్కడ దొరికింది అన్నా?" అని అడిగితే "లాట్‌లో వచ్చింది తమ్మీ" అన్నడు. అంతే. దాని కథ అక్కడికి ఖతం.

ఎందుకు ఖతం అంటున్ననంటే, మగధ వెండి నాణేలు దేశమంతా దొరుకుతయి. ఇది బీహార్‌లో దొరికితే అందులో విశేషం ఏం లేదు. ఇదే నాణెం బోధన్ పక్కన ఒక చేన్లో దొరికి ఉంటే, అప్పట్లోనే ఈ నల్లరేగడి మీద ఎవరో ఏదో అమ్మి మగధ వెండి పుచ్చుకున్నరని చెప్పొచ్చు. వస్తువు అదే, సాక్ష్యం వేరు. మీ ఫోన్‌లో ఫోటోకు డేట్, లొకేషన్ తీసేసి చూడండి. బొమ్మ ఉంటది, ఎప్పటిది ఎక్కడిది అంటే మాత్రం జవాబు ఉండదు.

రెండోది శాతవాహనులది. 350 రూపాయలు, మొన్నటి బిర్యానీ కంటే తక్కువే. పోటిన్ అంటరు, రాగి, సీసం, తగరం కలిపిన మిశ్రమం. ముందువైపు తొండం ఎత్తిన ఏనుగు. వెనకవైపు ప్లస్ గుర్తు లాంటిది, నాలుగు కొసలకు నాలుగు సున్నాలు. దీన్ని ఉజ్జయిని చిహ్నం అంటరు. ఏనుగు పైన అంచు వెంట బ్రాహ్మీ అక్షరాలు ఉన్నయి, కానీ సగమే పడ్డయి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, అందుకే ఏ రాజు పేరైనా ముక్కలు ముక్కలుగానే దొరుకుతది. ఇక్కడ వీడియో ఆపి చూడండి, చిన్న ప్లస్ లాంటి అక్షరం కనబడుతుంది గదా, అది బ్రాహ్మీలో "క". ఒక్క అక్షరం పట్టుకుంటే మిగతావి మెల్లగా వస్తయి. నాకు "...తకణిస" దాకా వచ్చింది. సాతకణిస, అంటే శాతకర్ణి యొక్క అని. ఏ శాతకర్ణి అన్నది ఈ ముక్కతో తేలదు. ఆ పేరుతో చాలామంది ఉన్నరు. అందుకే వాళ్లు తల్లి పేరు కలిపి చెప్పుకున్నరు: గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని.

కొంచెం పక్కకు పోతున్న, క్షమించండి, ఇది చెప్పకుండా ఉండలేను. శాతవాహనుల వెండి నాణేలు కొన్నిటి మీద రాజు ముఖం ఉంటది. వాటికి ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ఒక ద్రావిడ భాష. ఇటు "సిరి" ఉంటే అటు "తిరు". ఇటు పేరు చివర "స" ఉంటే అటు "కు". అది తమిళమా, తెలుగుకు పూర్వరూపమా అని పండితులు ఇంకా కొట్లాడుకుంటనే ఉన్నరు. ఎవరు గెలుస్తరో తెల్వదు గానీ, "రాముకు, సీతకు" అనే మనకు ఆ "కు" చూస్తే ఒళ్లు జలదరిస్తది. నా బడ్జెట్‌లో అయితే అది రాదు.

ఇప్పుడు నావి కాని నాణేలు. 2024 మార్చి ఆఖర్లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తెలంగాణ పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. బౌద్ధ భిక్షువులు ఉండే గదుల దగ్గర, రెండడుగుల లోతులో. కుండ నిండా సీసం నాణేలు, లెక్కపెడితే 3,730. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. అవి ఇక్ష్వాకుల కాలానివని శాఖ చెప్పింది. ఇక్ష్వాకులంటే శాతవాహనుల తర్వాత నాగార్జునకొండ దగ్గర విజయపురి నుంచి ఏలినవాళ్లు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములట. నేను గుణించి చూసిన, ఎనిమిదిన్నర కిలోలు వస్తుంది.

ఎనిమిదిన్నర కిలోల చిల్లర! సీసం అంటే అప్పటి చిల్లర పైసలు. ఆస్తి వదులుకున్న సన్యాసుల గది పక్కన అంత చిల్లర ఎందుకుంది? దానంగా వచ్చిందా, కూలీలకు ఇయ్యడానికి పెట్టిందా, దారిన పోయే వ్యాపారి దాచిపెట్టమని ఇచ్చిందా? కుండ మూతి మీద ఒక చట్టి లాంటిది బోర్లించి మూసిన్రు, అంటే ఎవరో పద్ధతిగా దాచిన్రు. మళ్లీ వచ్చి తీసుకోలేదు. ఆ 3,730లో ఏ ఒక్కటి తెచ్చి విడిగా బజార్లో పెట్టినా మూడు వందలకు మించి పోదు. కుండతో, గదితో, లోతుతో కలిపి చూస్తేనే ఇన్ని ప్రశ్నలు పుడతయి. నా ఏనుగు నాణెం మీద నేను అట్లాంటి ఒక్క ప్రశ్న కూడా వేయలేను.

దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ మన గోదావరి మీదనే ఉంది. పోచంపాడు డ్యామ్ దాటి నది కిందికి పోతే ధర్మపురి వస్తది, అది దాటినంక పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. ఇప్పుడది జగిత్యాల జిల్లా. వాన పడ్డాక ఒడ్డున మట్టి కొట్టుకపోతే నాణేలు పైకి తేలేవి. 1970ల చివర్లో అట్ల దొరికిన నాణేలను శాసనాలు చదివే పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివిన్రు. కొన్నిటి మీద "ఛిముక" అనే పేరు ఉంది. ఛిముక అంటే సిముకుడు, పురాణాల్లో ఆంధ్ర రాజుల పట్టికలో మొట్టమొదటి పేరు.

అప్పటిదాకా ఏమనేవాళ్లంటే, శాతవాహనుల పాత శాసనాలన్నీ మహారాష్ట్రలో నానేఘాట్, నాసిక్ గుహల్లో ఉన్నయి కాబట్టి వాళ్లు అక్కడే పుట్టి తర్వాత ఇటు వచ్చిన్రు అనేవాళ్లు. సిముకుడి నాణేలు కోటిలింగాలలో బయటపడేసరికి లెక్క తిరగబడింది. అంతే కాదు, సిముకుడి కంటే ముందు ఏలిన స్థానిక రాజుల పేర్లు కూడా దొరికినయి: గోబద, నారన, సమగోప. ఆ రాజుల ఊసు మనకు ఆ చిన్న బిళ్లల వల్లనే తెలిసింది. చర్చ మొత్తం ఆగిపోయిందని అనను, ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లు ఉన్నరు. కానీ వాళ్లు కూడా కోటిలింగాల పేరు ఎత్తకుండా మాట్లాడలేరు.

ఆ నాణేల మీద పుస్తకం రాసినవాళ్లలో దేమె రాజారెడ్డి గారు ఒకరు. ఆయన వృత్తి న్యూరోసర్జన్. పొద్దంతా మెదడు ఆపరేషన్లు, ఆ తర్వాత నాణేలు. కోడ్ రాసుకుంటూ నాణేలు చూసే నాలాంటోనికి అది మస్తు ధైర్యం.

అదే నాణేలు ఏదో "లాట్"లో కలిసి హైదరాబాద్ చేరి ఉంటే? పేరైతే చదివేవాళ్లు. కోటిలింగాల అన్న మాట మాత్రం పోయేది. సిముకుడు మళ్లీ మహారాష్ట్రకే పోయేటోడు. ఇప్పుడు అక్కడికి పోతే ఎల్లంపల్లి ప్రాజెక్టు బ్యాక్‌వాటర్ నిండుగా కనబడుతది. పాత ఊరిలో కొంత భాగం నీళ్ల కింద ఉంది. మళ్లీ తవ్వుదాం అంటే నీళ్లు ఒప్పుకోవాలె.

ఇక నా ఫేవరెట్. ఇదిగో. నల్లగా, గోరంత బిళ్ల. ఏనుగు కాళ్లు రెండు కనబడుతున్నయి, మిగతాది మీరు ఊహించుకోవాలె. అక్షరాలు లేవు. కరీంనగర్ వైపు ఒక రిటైర్డ్ టీచర్ దగ్గర రెండు వందలకు తీసుకున్న. ఆయన వద్దన్నా బలవంతంగా ఇచ్చిన. నాకు నచ్చింది బిళ్ల కాదు, దాంతోపాటు వచ్చిన చీటీ. స్కూలు నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం మీద నీలం ఇంకుతో "పెద్దబంకూరు, బావి పక్క చెలక" అని రాసి ఉంది. ఎప్పుడో ఒక విద్యార్థి తెచ్చి ఇస్తే, ఆయన ఆ రోజే రాసి పెట్టిండట.

పెద్దబంకూరు పెద్దపల్లి పక్కనే. అక్కడ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగినయి. ఇటుక కట్టడాలు, చాలా బావులు, ఇనుప పనిముట్లు బయటపడ్డయి. ఒక్క చోటనే 22 వేల పైచిలుకు శాతవాహన నాణేలు దొరికినయి. అంటే నా చీటీలో ఉన్న "బావి" అన్న మాటకు కూడా అర్థం ఉంది. నా బిళ్ల ఏ రాజుదో చెప్పలేను, ఏ ఊరి సంతలో తిరిగిందో మాత్రం చెప్పగలను. మగధ వెండికి ఆ భాగ్యం లేదు.

చేను దున్నేవాళ్ల పిల్లలు ఈ వీడియో చాలామంది చూస్తరు కాబట్టి చట్టం కూడా చెప్తా. పసుపు చేన్లోనో, ఎర్రజొన్న చేన్లోనో ట్రాక్టర్ నాగలికి కుండ తగిలిందనుకోండి, ఊర్లో మొదటి మాట "లంకె బిందెలు!" రెండో మాట "ఎవ్వరికీ చెప్పకు". ఆ రాత్రికే అది కంసాలి కుంపట్లోకి పోతది. వెండి కిలోల లెక్కన కరిగిపోతది, సీసం అయితే చెత్తలోకి. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగి దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలె. చెప్పకపోతే నేరం. ఇది అందరికీ భయంగా తెలుసు, రెండో సగం ఎవరికీ తెల్వదు. యజమాని ఎవరూ లేరని తేలితే దొరికినోనికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని అదే చట్టంలో ఉంది. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలని కూడా ఉంది. ఇది చాలా తక్కువ, నాకు తెలుసు. పురాతన నాణేనికి లోహం విలువ కట్టడం అన్యాయమే. 1878లో రాసిన లెక్క అది, మార్చాల్సింది. కానీ కుంపటి ఇచ్చేది కూడా లోహం విలువే గదా, ఐదో వంతు లేకుండా.

కుండ కనబడితే కదిలించకండి. ఫోన్ తీసి, ఉన్నచోటే నాలుగు ఫోటోలు, లొకేషన్ ఆన్ చేసి. ఆ తర్వాత ఎమ్మార్వో ఆఫీసుకు ఫోన్. ఆ టీచర్ నీలం ఇంకుతో చేసిన పని మీ ఫోన్ ఒక్క సెకన్లో చేస్తది.

నా నాణేల లిస్టు ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటది. బరువు, లోహం, రేటు, కొన్న తేదీ అన్నీ నిండుగా ఉన్నయి. "దొరికిన చోటు" అనే కాలమ్‌లో పదకొండు గడులకు పది ఖాళీ. వచ్చే ఏడు పదకొండు వద్దు, ఆ గడి నిండేవి రెండు దొరికినా చాలు. వచ్చే ఎపిసోడ్ కొండాపూర్ మీద, మన సంగారెడ్డి దగ్గరిది. అక్కడ రోమ్ చక్రవర్తి నాణేన్ని చూసి మట్టితో నకలు చేసి మెడలో వేసుకున్నరు. ఆ ముచ్చట అప్పుడు చెప్పుకుందాం. ఉంటా మరి.