సియాటిల్ గ్యాస్ వర్క్స్ పార్కు: ఆ పచ్చిక కింద ఏముంది?

ఈ ఎపిసోడ్‌లో ఒక పార్కు చరిత్ర చెప్పుకుందాం. పార్కుకి చరిత్రేమిటి అనుకోకండి. ఇది అమెరికాలో, సియాటిల్ నగరంలో, లేక్ యూనియన్ అనే సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉంది. పేరు గ్యాస్ వర్క్స్ పార్కు. ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కదా. ఇక్కడినించి వెళ్ళిన అమ్మానాన్నల్ని ఆదివారం పూట అక్కడికి తీసుకెళ్తూ ఉంటారు. పచ్చటి గుట్ట, దానిమీద గాలిపటాలు ఎగరేసే పిల్లలు, ఎదురుగా నీళ్ళు, నీళ్ళవతల నగరంలోని ఎత్తైన భవనాలు. పక్కనే తుప్పు పట్టిన పెద్ద పెద్ద ఇనుప బురుజులు. ఫొటోలకి బాగుంటుంది.

మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని పులిహోర తింటున్నాం. మా మేనల్లుడు చెప్పులు విప్పేసి నీళ్ళవైపు పరిగెత్తాడు. మా బావగారు వెనకనించి ఒకటే కేక: "ఒరేయ్, దిగకు! బోర్డు చూడు!" ఏమిటా బోర్డు అని నేనూ వెళ్ళి చదివాను. ఈ ఒడ్డున నీళ్ళలో దిగవద్దు, అడుగున ఉన్న బురదలో హానికరమైన పదార్థాలున్నాయి, అని దాని సారాంశం. వెనక్కి వచ్చి కూర్చున్నాను గానీ పులిహోర సయించలేదు. నీళ్ళ అడుగున ఉన్నది నేల కింద ఉండదా? ఆ అనుమానంతోనే దీని వెనక కథ చదవడం మొదలుపెట్టాను.

కథ 1903లో మొదలవుతుంది. ఆ ఏడాది సియాటిల్ నగరానికి పార్కుల ప్రణాళిక రాసిచ్చిన జాన్ చార్లెస్ ఓమ్‌స్టెడ్, సరస్సులోకి పొడుచుకొచ్చిన ఈ కొనని పార్కుగా ఉంచుకోమని సలహా ఇచ్చాడు. ఎవరు వింటారు? 1906లో సియాటిల్ గ్యాస్ లైట్ కంపెనీ అక్కడే ఫ్యాక్టరీ పెట్టింది. ఓమ్‌స్టెడ్ మాట నిజం కావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది, అదీ మధ్యలో ఆ నేల పాడయ్యాక.

ఇక్కడ కొంచెం ఆగి, అసలు ఆ ఫ్యాక్టరీ ఏం చేసేదో చెప్పాలి. మనకి గ్యాస్ అంటే సిలిండర్, లేకపోతే ఈమధ్య వీధుల్లో వేస్తున్న పైపులైను. అది భూమిలోంచి వచ్చేది. ఆ రోజుల్లో గ్యాస్‌ని తయారుచేసేవారు. బొగ్గుని గాలి తగలకుండా మూసిన బట్టీలో బాగా వేడిచేస్తే మండే వాయువు బయటికొస్తుంది. దాన్ని కడిగి, శుభ్రం చేసి, గొట్టాల ద్వారా ఊళ్ళోకి పంపితే దీపాలు వెలిగేవి, తర్వాత పొయ్యిలు మండేవి. 1937 నించి బొగ్గుకి బదులు నూనె వాడారు. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఆ బురుజులు నూనెతో గ్యాస్ చేసిన కాలంవి.

గ్యాస్‌ని కడిగారు అన్నాను చూశారూ, అసలు సంగతంతా ఆ కడుగులోనే ఉంది. కడిగినప్పుడు తారు దిగుతుంది, నల్లటి మసి దిగుతుంది, బెంజీన్ లాంటి ద్రవాలు దిగుతాయి. అన్నీ వృథా ఏమీ కాదు. తారు రోడ్లకీ ఇళ్ళ కప్పులకీ పనికొచ్చేది. మన ఇళ్ళల్లో బట్టల బీరువాలో వేసే కలరా ఉండలున్నాయే, ఆ నాఫ్తలీన్ కూడా తారులోంచి వచ్చేదే. కానీ అమ్ముడుపోయినంత పోగా, కారినంత కారింది, ఒలికినంత ఒలికింది, మిగిలింది ఒడ్డునే పోశారు. యాభై ఏళ్ళపాటు రోజూ ఇదే తంతు. దుర్మార్గంతో చేశారని నేననను. అప్పట్లో ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఇలాంటి ఫ్యాక్టరీ ఉండేది, ప్రతిచోటా ఇలాగే చేశారు. నాఫ్తలీన్ కుటుంబంలోనే ఇంకా బరువైన రసాయనాలు కొన్ని ఉన్నాయి, వాటిల్లో కొన్నిటివల్ల క్యాన్సర్ వస్తుంది. అవి నీళ్ళలో సరిగ్గా కరగవు, త్వరగా ఆవిరవవు, మట్టిని పట్టుకుని కూర్చుంటాయి.

1956లో సహజవాయువు పైపులైను సియాటిల్‌కి వచ్చింది. గ్యాస్ తయారుచేయాల్సిన అవసరం లేకపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. 1962లో నగరం ఆ స్థలాన్ని సుమారు 13 లక్షల డాలర్లకి కొనుక్కుంది. దీనికోసం బాగా పట్టుబట్టిన కౌన్సిల్ సభ్యురాలు మిర్టిల్ ఎడ్వర్డ్స్. ఆవిడ 1969లో కారు ప్రమాదంలో పోయారు. పార్కుకి ఆవిడ పేరే పెడదామనుకున్నారు.

అప్పుడు వచ్చాడు రిచర్డ్ హాగ్. వాషింగ్టన్ యూనివర్సిటీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ విభాగాన్ని మొదలుపెట్టిన మనిషి. 1970లో పని అతనికి అప్పగించారు. అందరూ అనుకున్నదేమిటి? పాత ఇనుమంతా పీకేసి తుక్కుకి అమ్మేస్తారు, కొత్త మట్టి పోస్తారు, చెట్లు నాటుతారు, అయిపోతుంది. హాగ్ అలా చెయ్యలేదు. ఫ్యాక్టరీలోని పాత కమ్మరి కొట్టంలోనే తన ఆఫీసు పెట్టుకున్నాడు. అక్కడ చెట్టు లేదు, రాయి లేదు. ఉన్నవాటిలో అన్నిటికంటే గొప్పవి ఆ బురుజులే అనిపించిందతనికి. వాటిని ఉంచేద్దామన్నాడు.

ఊళ్ళో గొడవైంది. ఈ తుప్పు గుట్టని పార్కు అంటారా అని జనం తిట్టారు. మిర్టిల్ ఎడ్వర్డ్స్ కుటుంబం, ఆ ఇనుమంతా అక్కడే ఉంచే పక్షంలో మా మనిషి పేరు పెట్టొద్దు అని వెనక్కి తీసుకుంది. తర్వాత నగరంలో సముద్రపు ఒడ్డున ఉన్న వేరే పార్కుకి ఆవిడ పేరు పెట్టారు. నాకు ఆ కుటుంబం మీద కోపమేమీ రాదు. ఆవిడ బతికుండగా కోరుకున్నది పచ్చదనం, వీళ్ళకి కనిపించింది తుక్కు. హాగ్ మాత్రం జనాన్ని పిలిచి, స్థలమంతా తిప్పి చూపించి, స్లైడ్లు వేసి చూపించి, మెల్లగా ఒప్పించాడు. 1971లో ప్రణాళికకి ఆమోదం వచ్చింది, 1975లో పార్కు తెరిచారు. యంత్రాల షెడ్డు పిల్లలు ఆడుకునే చోటయింది. పంపులకీ కంప్రెసర్లకీ రంగులు వేశారు, పిల్లలు వాటిమీద ఎక్కి ఆడుకున్నారు.

మరి మట్టి? చరిత్రలో నిలిచిపోయింది ఇదే. మరీ చెడిపోయిన మట్టిని కొంత తీశారు గానీ, మొత్తం తవ్వి పట్టుకెళ్ళే డబ్బూ లేదు, ఎక్కడ పొయ్యాలో చోటూ లేదు. హాగ్ సలహాదారుల్లో ఒక ఆలోచన ఉంది: నూనెని తినే సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి, వాటికి గాలీ తిండీ అందిస్తే అవే పనిచేస్తాయి. అందుకని నేలని దున్ని, మురుగునీటి ప్లాంటులో మిగిలిన ఎరువు బురద, రంపపు పొట్టు, ఆకులు కలిపారు. మన రైతు పొలంలో పశువుల ఎరువు వేసి కలియదున్నినట్టే. శిథిలాలన్నీ ఒకచోట గుట్టగా పోసి, పైన మంచి మట్టి కప్పి గడ్డి వేశారు. గాలిపటాలు ఎగరేసే గుట్ట అదేనండి. అవును, ఆ గుట్ట ఫ్యాక్టరీ చెత్తే. గడ్డి మొలిచింది. నల్లటి నేల పచ్చబడింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, అవార్డులొచ్చాయి.

1984లో పిడుగు పడింది. మట్టి పరీక్షల్లో ఆ క్యాన్సర్ కారకాలు బయటపడ్డాయి. మేయర్ పార్కుని మూయించాడు. తొమ్మిదేళ్ళపాటు పిల్లలు దొర్లిన నేల! ఆ తల్లిదండ్రుల మనసు ఎలా ఉండుంటుందో ఆలోచించండి. కొన్ని నెలల తర్వాత, పైన ఇంకా మట్టి కప్పి మళ్ళీ తెరిచారు.

ఇక్కడ హాగ్‌ని మోసగాడని అనేయడం తేలిక. అది న్యాయం కాదు. అతను పని మొదలుపెట్టిన 1970 చివర్లోనే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పుట్టింది. విషపు స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ చట్టం 1980లో గానీ రాలేదు. అంటే 1975లో శుభ్రం అంటే వాసన పోవడం, గడ్డి మొలవడం. 1984కి శుభ్రం అంటే ల్యాబులో వచ్చిన అంకె. పైగా సూక్ష్మజీవులు తేలికైన నూనెల్ని తిన్నంత త్వరగా ఆ బరువైన రసాయనాల్ని తినలేవు. హాగ్ పద్ధతి తప్పు కాదు, దాన్ని పని పూర్తయినట్టు చూడడం తప్పు. ఆ తర్వాత అదే దారిలో ఎంతోమంది నడిచారు. జర్మనీలో మూతపడ్డ ఉక్కు కర్మాగారం డూయిస్‌బర్గ్ పార్కు అయ్యిందంటే ముందు దారి చూపింది సియాటిలే.

1999లో నగరం, పాత గ్యాస్ కంపెనీ వారసురాలైన ఇప్పటి విద్యుత్ గ్యాస్ కంపెనీ, రాష్ట్ర పర్యావరణ శాఖ కలిసి కోర్టు ద్వారా ఒప్పందం చేసుకున్నాయి. 2000 తర్వాత కొంత నేలకి కొత్త మట్టి కప్పారు. ఒక మూల భూగర్భంలోకి గాలి పంపి బెంజీన్‌ని వెళ్ళగొట్టారు. తారు పైకి ఉబికినచోటల్లా తీసేశారు. అంటే పార్కు తెరిచి పాతికేళ్ళు దాటినా, నేలలోంచి తారు ఇంకా పైకొస్తూనే ఉందన్నమాట. 2013లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. హాగ్ 2018లో పోయాడు.

ఇదంతా సియాటిల్ గొడవ, మనకెందుకు అంటారా? భోపాల్ చూడండి. 1984 డిసెంబరు ప్రమాదం తర్వాత ఫ్యాక్టరీలో మిగిలిపోయిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో 12 కంటైనర్ లారీల్లో పీథంపూర్‌కి తరలించారు. అక్కడ జనం మాకొద్దని రోడ్డెక్కారు. జూన్ ఆఖరుకల్లా కాల్చేశారు. వార్తల్లో భోపాల్ శుభ్రమైపోయింది అన్నంత హడావుడి. కానీ మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ, నాగపూర్‌లోని నీరీ కలిసి చేసిన అధ్యయనం 2010లోనే చెప్పింది, అక్కడ శుద్ధి చేయాల్సిన మట్టి సుమారు 11 లక్షల టన్నులని. 337 ఎక్కడ, 11 లక్షలెక్కడ?

ఇక మన హైదరాబాద్. అవుటర్ రింగ్ రోడ్డు లోపలా పక్కనా ఉన్న పారిశ్రామికవాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని ఇళ్ళకీ ఆఫీసులకీ మార్చుకోనిచ్చే విధానం 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చింది. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ లాంటి వాడల సంగతి ఇది. ఫ్యాక్టరీలు ఊరి మధ్యనించి పోవాలన్నది మంచి మాటే. నేను విన్న చర్చంతా ఎకరం ధర ఎంత, ఫీజు ఎంత శాతం, ఎవరికి లాభం అనే. అవీ అడగాల్సిన ప్రశ్నలే. నేలలో ఏముందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. కలుషిత స్థలాలని గుర్తించి, పరీక్షించి, పాడుచేసినవాళ్ళ చేతే శుద్ధి చేయించడానికి కేంద్రం నిబంధనలు తెచ్చింది కూడా అదే ఏడాది జులైలోనే. యాభై ఏళ్ళు రంగులో, మందులో, లోహపు పూతలో వేసిన షెడ్డు కూల్చేసి టవర్ కడితే, అందులో ఫ్లాట్ కొన్నవాడికి కింద ఏముందో చెప్పే బురుజు కూడా మిగలదు. బోరు నీళ్ళు తాగేది వాళ్ళ పిల్లలే.

సియాటిల్‌లో సరస్సు అడుగు బురదని శుద్ధి చేసే పని ఇంకా పూర్తి కాలేదు. 1956లో ఆగిపోయిన ఫ్యాక్టరీ అండి అది. మొన్న అక్కతో ఫోన్లో మాట్లాడుతూ అడిగాను, బోర్డు ఇంకా ఉందా అని. ఉందట. మా మేనల్లుడు ఇప్పుడు తన చెల్లెల్ని వెనక్కి లాగుతున్నాడట.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.