చేతితో చేసే శుభాకాంక్షల పత్రాలు, మిఠాయి పెట్టెలు

పండుగలు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు మొదలైన సందర్భాలలో ఆప్తులకు ఇచ్చేందుకు కాగితాన్ని, అట్టను కత్తిరించి, మడిచి, అలంకరించి ఇంట్లోనో బడిలోనో తయారుచేసే పత్రాలను చేతి శుభాకాంక్షల పత్రాలు అంటారు. వాడుకలో వీటిని గ్రీటింగు కార్డులు అనే పిలుస్తారు. తీపి పదార్థాలు, జీడిపప్పు వంటివి పెట్టి ఇవ్వడానికి చేసే చిన్న కాగితపు పెట్టెలు కూడా ఈ హస్తకళలో భాగమే. కత్తెర, స్కేలు, పెన్సిలు, జిగురు ఉంటే ఎవరైనా మొదలుపెట్టగల పని ఇది. అయితే పత్రం ఎంతకాలం నిలుస్తుంది, పెట్టెలో పెట్టిన పదార్థం తినడానికి పనికివస్తుందా అన్నవి ప్రధానంగా కాగితం, జిగురుల ఎంపికపై ఆధారపడి ఉంటాయి. అలంకరణకు ఇచ్చే శ్రద్ధలో సగమైనా ఈ రెండింటికీ ఇవ్వకపోవడం సర్వసాధారణం.

చరిత్ర

బ్రిటనులో 1840లో దూరంతో నిమిత్తం లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చిన తరువాత శుభాకాంక్షల పత్రాలకు గిరాకీ పెరిగింది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి చిత్రకారుడు జాన్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి, సుమారు వెయ్యి క్రిస్మస్ పత్రాలు అచ్చు వేయించాడు. వాటికి రంగులు చేతితోనే అద్దారు. ఒక్కొక్కటి ఒక షిల్లింగు ధర పలికింది. ఆ బొమ్మలో కుటుంబమంతా, చిన్నపిల్లతో సహా, ద్రాక్షసారాయి తాగుతున్నట్లు చూపడం మద్యపాన వ్యతిరేకులకు కోపం తెప్పించింది. భారతదేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న ప్రవేశపెట్టబడింది.

తెలుగువారిలో ఈ కోవకు చెందిన ప్రధానమైన పత్రం శుభలేఖ. శుభలేఖ నాలుగు మూలలా పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి బంధువులకు పంచడం ఆచారం. పత్రం అచ్చులో వచ్చినదే అయినా ఆ పసుపు మాత్రం ఇంటివారు చేతితో పూయవలసిందే. ఈ విధంగా చూస్తే ప్రతి శుభలేఖా కొంతవరకు చేతితో చేసిన పత్రమే. చిత్రకారుడు బాపు (1933–2014) గీతలు, ఆయన చేతిరాతను అనుసరించిన అక్షరాలు శుభలేఖల ముద్రణలో విశేష ఆదరణ పొందాయి. నూతన సంవత్సరం, సంక్రాంతి సందర్భాలలో అచ్చు గ్రీటింగు కార్డులు పంపుకునే అలవాటు 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో పట్టణాలలో బాగా వ్యాపించి, సెల్‌ఫోను సందేశాలు, ఇంటర్నెట్టు వచ్చాక తగ్గిపోయింది. అచ్చు పత్రాలు తగ్గినా, పిల్లలు స్వయంగా చేసి ఇచ్చేవి కొనసాగుతున్నాయి.

మడత పెట్టె చరిత్రలో 1879 సంవత్సరం ముఖ్యమైనది. అమెరికాలోని బ్రూక్లిన్‌లో కాగితపు సంచులు తయారుచేసే రాబర్ట్ గేర్ కర్మాగారంలో మడత గీతను నొక్కవలసిన లోహపు పట్టీ పొరపాటున సంచులను కోసివేసింది. ఆ నష్టాన్ని చూసి, అట్టను కోయడం, మడత గీతలు నొక్కడం ఒకేసారి చేయవచ్చని గేర్ గ్రహించాడు. నేటి మిఠాయి దుకాణాలలో పరచిన అట్టగా ఉండి, క్షణాలలో పెట్టెగా మారే డబ్బాలకు మూలం ఇదే. తెలుగు నేలపై కిరాణా దుకాణదారులు కట్టే పొట్లం కూడా చెప్పుకోదగ్గదే. జిగురు, పిన్ను లేకుండా కేవలం చుట్టతో, మడతతో నిలిచే ఈ పొట్లంలో తీపి మొదలుకొని పోపుదినుసుల వరకు అన్నీ ఇమిడేవి.

కాగితం

కాగితం మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో లెక్కించి చెబుతారు. దుకాణాలలో దీనిని జి.ఎస్.ఎం. అంటారు. నోటు పుస్తకాల కాగితం, జిరాక్సు కాగితం 60–80 జి.ఎస్.ఎం. ఉంటాయి. ఇవి పత్రం లోపల అంటించే రాత కాగితానికి, పూలు, ఆకులు కత్తిరించడానికి సరిపోతాయి. పత్రానికి 200 నుంచి 300 జి.ఎస్.ఎం. కాగితం అనువైనది. అంతకంటె మందమైన అట్ట మడత వద్ద పగులుతుంది.

మందం కంటె ముఖ్యమైనది పీచు దిశ. యంత్రంపై తయారైన కాగితంలో పీచుపోగులు ఎక్కువభాగం ఒకే దిశలో పరుచుకొని ఉంటాయి. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే అంచు గరుకుగా పగిలి, పత్రం సరిగా మూసుకోదు. దిశ తెలుసుకోవడానికి చిన్న ముక్కను ఒకవైపు తడిపితే చాలు. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉంటే పీచు దిశ అదే. వార్తాపత్రికను ఒక దిక్కున చింపితే తిన్నగా, మరో దిక్కున చింపితే వంకరగా చిరగడానికి కారణం కూడా ఇదే. తొట్టిలోని గుజ్జును జల్లెడ చట్రంతో ఎత్తి చేసే చేతి కాగితంలో పోగులు ఇంచుమించు అన్ని దిశలలోనూ ఉంటాయి కనుక దానికి ఈ చిక్కు తక్కువ.

మన్నిక పీచు రకాన్ని బట్టి ఉంటుంది. వార్తాపత్రికల కాగితం కలపను నూరి తీసిన గుజ్జుతో తయారవుతుంది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపు రంగుకు తిరుగుతుంది. పటిక వాడి తయారుచేసిన కాగితంలో ఆమ్లగుణం చేరి, పోగులు క్రమంగా పెళుసెక్కుతాయి. పత్తి పోగు దాదాపుగా స్వచ్ఛమైన సెల్యులోజు. దానిలో లిగ్నిన్ లేనట్లే. అందువలన పత్తి బట్టల ముక్కలతో చేసిన కాగితం, ఆమ్లం కలవకపోతే, శతాబ్దాల పాటు నిలుస్తుంది.

భారతదేశంలో చేతి కాగితం మిల్లు కాగితం పోటీకి తట్టుకోలేక క్షీణించింది. తెలంగాణలో మహబూబ్‌నగర్ ప్రాంతంలోని కోయిలకొండ ఒకప్పుడు చేతి కాగితానికి పేరుపొందినది. 1934లో గాంధీ ప్రోద్బలంతో ఏర్పడిన అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం ఈ వృత్తిని తిరిగి నిలబెట్టడానికి ప్రయత్నించింది. ఆ సంఘాన్ని నడిపిన జె.సి.కుమారప్ప పేరుతో జైపూరు సమీపంలోని సంగానేరులో జాతీయ చేతి కాగితపు సంస్థ ఏర్పాటయింది. నేడు చేతి కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు బనియన్లు, చొక్కాలు కుట్టే చోట మిగిలే నూలు గుడ్డ ముక్కలు.

వేటపాలెం

ఈ పనికి కావలసిన నూలు, కానుకగా ఇవ్వదగిన పదార్థం, పాత కాగితం అంటే ఏమిటో చూపే గ్రంథాలయం ఒకే ఊళ్ళో ఉన్న చోటు వేటపాలెం. చీరాల పక్కన, సముద్రానికి దగ్గరలో ఉన్న ఈ ఊరు మొదట గుంటూరు జిల్లాలో, 1970 నుంచి ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలో చేరింది. ఇక్కడి చేనేత, జీడిపప్పు తయారీ ప్రసిద్ధమైనవి. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో 20వ శతాబ్దం తొలినాళ్ళ తెలుగు పత్రికలు భద్రపరచబడి ఉన్నాయి. దీని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. నూరేళ్ళ నాటి పత్రికను తిప్పి చూసిన విద్యార్థికి కలప కాగితం, పత్తి కాగితం మధ్య తేడాను వేరుగా వివరించనక్కరలేదు.

మగ్గం నుంచి బట్టను కోసిన తరువాత మిగిలే రంగు పడుగు పోగులు పత్రాలకు చక్కని అలంకరణ. పత్రం మడతలో లోపలి కాగితాన్ని కట్టడానికి, కుచ్చులు వేయడానికి, పెట్టెకు ముడి వేయడానికి ఇవి ప్లాస్టిక్ రిబ్బను కంటె నయం. జీడిపప్పు విషయంలో జాగ్రత్త వేరు. దానిలో బరువుకు సుమారు 45 శాతం కొవ్వు ఉంటుంది. నేరుగా కాగితంలో పోస్తే నూనె మరకలు పడతాయి. పైగా సముద్రతీరపు చెమ్మకు కాగితం ఉబ్బి, పప్పు మెత్తబడుతుంది.

పత్రం తయారీ

ఎ4 కాగితం (210 × 297 మి.మీ.) రెండుగా మడిస్తే ఎ5 పత్రం వస్తుంది. సగానికి కోసి మడిస్తే ఒక్కొక్కటి 105 × 148 మి.మీ. గల రెండు ఎ6 పత్రాలు వస్తాయి. వీటికి 114 × 162 మి.మీ. కవరు సరిపోతుంది. కవరును ముందు చూసుకొని పత్రాన్ని కత్తిరించడం మంచిది. చాలామంది ఇందుకు విరుద్ధంగా చేసి, చివరికి కవరు దొరకక ఇబ్బంది పడతారు.

మడవబోయే చోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత నొక్కాలి. పత్రం కింద నాలుగైదు వార్తాపత్రికలు పరిస్తే గీత లోతుగా పడుతుంది. గీత నొక్కిన వైపు వెలుపలికి వచ్చేటట్లు మడవాలి. తిరగేసి మడిస్తే కాగితం పైపొర చిట్లుతుంది.

తెరవగానే లేచి నిలబడే బొమ్మలు పిల్లలకు ఇష్టమైనవి. మడతకు అడ్డంగా సమాన పొడవుతో రెండు గాట్లు పెట్టి, మధ్య భాగాన్ని లోపలికి తోస్తే ఒక మెట్టు ఏర్పడుతుంది. మడత నుంచి గాటు పొడవు పుట వెడల్పులో సగానికి మించరాదు. మించితే మూసినప్పుడు బొమ్మ బయటికి పొడుచుకు వస్తుంది. ఎ6 పత్రంలో ఇది 52 మి.మీ.కు లోపల ఉండాలి. ఇటువంటి మెట్లు వరుసగా వేసి సంక్రాంతికి బొమ్మల కొలువు పత్రం చేయవచ్చు. మెట్లపై అంటించే బొమ్మలు పలుచని కాగితంతో ఉండాలి.

పైభాగానికి చుక్కల ముగ్గులు, మామిడాకుల తోరణం వంటివి సులభంగా కుదురుతాయి. రావి ఆకులను కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, కుళ్ళిన పసరును మెత్తని కుంచెతో కడిగివేస్తే ఈనెల వల మాత్రం మిగులుతుంది. దానిని పుస్తకంలో నొక్కి ఆరబెట్టి పత్రానికి అంటిస్తారు. పూర్తిగా ఆరని ఆకు, పువ్వు అంటిస్తే బూజు పడుతుంది.

పెట్టె తయారీ

జిగురు అక్కరలేని పెట్టెలలో జపానులో మసు అనబడే చదరపు పెట్టె ఉత్తమమైనది. చదరపు కాగితం నాలుగు మూలలను మధ్యకు మడవాలి. అలా వచ్చిన చిన్న చదరంలో ఎదురెదురు అంచులను మధ్యగీత వరకు మడిచి విప్పాలి. రెండో దిక్కున కూడా అలాగే చేయాలి. తరువాత రెండు ఎదురు మూలలను విప్పి, గోడలు లేపి, ఆ మూలలను గోడల మీదుగా లోపలికి దోపాలి. కాగితం భుజం 20 సెం.మీ. అయితే పెట్టె అడుగు సుమారు 7 సెం.మీ., ఎత్తు 3.5 సెం.మీ. ఉంటుంది. మూతకు 20 సెం.మీ., పెట్టెకు 19.5 సెం.మీ. కాగితం తీసుకుంటే మూత బిగుతు కాకుండా, జారిపోకుండా అమరుతుంది. దీనికి 120 జి.ఎస్.ఎం. లోపు కాగితం వాడాలి.

అట్టతో పళ్ళెం వంటి పెట్టె చేయడం ఇంకా తేలిక. ఎ4 అట్టకు నాలుగు వైపులా 4 సెం.మీ. దూరంలో గీతలు నొక్కితే 13 × 21.7 సెం.మీ. అడుగు వస్తుంది. మూలలలో ఒక్కొక్క గాటు పెట్టి, ఆ చదరపు ముక్కలను పక్క గోడలకు లోపలివైపు అంటిస్తారు. జిగురు ఆరేవరకు బట్టలు ఆరవేసే క్లిప్పులు పెట్టి ఉంచాలి. మిఠాయి పెట్టెలకు స్టేపులరు పిన్నులు వాడరాదు. ఊడిన పిన్ను తీపిలో కలిసిపోయి నోట్లోకి వెళ్ళే ప్రమాదం ఉన్నది.

జిగురు, ఆహార భద్రత

ఇంట్లో మైదాపిండిని నీళ్ళలో కలిపి ఉడికించి చేసే జిగురు కాగితానికి బాగా పట్టుతుంది. ఇది రెండు మూడు రోజులలో పులుస్తుంది. పురుగులు, బొద్దింకలు తినకుండా పుస్తకాల బైండింగు చేసేవారు దీనిలో మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తం విషపదార్థం. బైండింగు దుకాణం నుంచి తెచ్చిన జిగురును మిఠాయి పెట్టెలకు గాని, చిన్నపిల్లలు ఆడుకునే పత్రాలకు గాని వాడకూడదు. అప్పటికప్పుడు కాచుకున్న మైదా జిగురు, తుమ్మ జిగురు, ఫెవికాల్ వంటి తెల్ల జిగుర్లు ఇందుకు తగినవి. వీటిని సైతం ఆహారం తగలని చోటనే పూయాలి.

వార్తాపత్రికలో తినుబండారాలు చుట్టడం దేశమంతటా ఉన్న అలవాటు. ముద్రణ సిరాలోని రసాయనాలు నూనె, వేడి తగిలినప్పుడు పదార్థంలోకి చేరతాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నాటి ప్యాకేజింగు నిబంధనలలో ఆహారాన్ని వార్తాపత్రికలో చుట్టడాన్ని, నిల్వచేయడాన్ని నిషేధించింది. పాత పత్రికలు, క్యాలెండర్ల నుంచి అందమైన పెట్టెలు చేయమని చెప్పే పద్ధతులు అనేకం ఉన్నాయి. వాటిని గాజులు, పెన్సిళ్ళు పెట్టుకోవడానికి వాడవచ్చు, మిఠాయికి వాడరాదు. పాత కాగితాలను తిరిగి గుజ్జు చేసి తయారుచేసిన బూడిదరంగు అట్టలో సైతం పాత సిరాల అవశేషాలు ఉంటాయి. లోపల బటర్ పేపరు పరిస్తే నెయ్యి పైకి ఊరదు గాని, ఈ అవశేషాలను అది పూర్తిగా ఆపలేదు. ఆహారానికి ఉద్దేశించిన అల్యూమినియం రేకు ఆపుతుంది. తళుకుల పొడి ఎక్కువగా ప్లాస్టిక్కే. మూత తీసినప్పుడల్లా రాలుతుంది కనుక దానిని పత్రాలకే పరిమితం చేయాలి.

భద్రపరచడం

పత్రాలను ఎండ తగలని, పొడిగా ఉండే చోట పరచి ఉంచాలి. వాటి మధ్య వార్తాపత్రిక ముక్కలు పెడితే అందులోని ఆమ్లం పక్క కాగితానికి కూడా అంటి గోధుమరంగు మరక పడుతుంది. సెల్లోటేపు కొన్నేళ్ళకు ఊడిపోయి, దాని జిగురు మాత్రం కాగితంలో ఇంకి మిగులుతుంది. చిరిగినచోట పలుచని కాగితపు పట్టీని మైదా జిగురుతో అంటించడం మేలు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. గోడకు తగిలించిన శుభలేఖ మూలలు త్వరగా వెలిసిపోతాయి. పెట్టెలో చీకటిలో ఉంచిన శుభలేఖపై అదే పసుపు ఏళ్ళ తరబడి కనిపిస్తుంది.