కాకి, తాటిపండు, దోమ

అమీర్‌పేటలో సికింద్రాబాదు వైపు మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ బేగంపేట. అక్కడ పాత విమానాశ్రయం చెంత ఒక పాతకాలపు భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది అక్కడే.

అంతకుముందు శతాబ్దాల పాటు, చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలే ఈ జ్వరానికి కారణమని లోకం నమ్మింది. ఇటాలియన్‌లో ‘మలేరియా’ అనే మాటకు అర్థమే చెడుగాలి. దీనిని కేవలం మూఢత్వమనలేము. బురదగుంటల చెంత జ్వరాలు అధికమన్న పరిశీలన నిజమే. సహజస్ఫురణ ఆ సంబంధాన్ని పసిగట్టింది గాని, నడుమనున్న దోమను చూడలేకపోయింది.

రాస్ కూడా మొదట పొరబడ్డవాడే. దోమలు చచ్చిన నీరు తాగితే జ్వరం వస్తుందేమోనన్న మాన్సన్ ఊహను పరీక్షించాడు, ఫలితాలు అనుకూలించలేదు. పిమ్మట హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున చెల్లించి కుట్టించుకోమని, ఆ దోమలను కోసి పరిశీలించాడు. అయితే దోమ కడుపులో క్రిమి కనబడినంత మాత్రాన దోమకాటే కారణమని తేలదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై ప్రయోగాలు చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరడాన్ని, ఆ దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పక్షులకు వ్యాధి సోకడాన్ని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ చరిత్రతో మనకేమి పని? మలేరియా జ్వరం తరచుగా దినం విడిచి దినం వస్తుంది. జ్వరం వచ్చిన సాయంత్రం తాయెత్తు కట్టినా, కషాయం తాగినా మర్నాడు ఒళ్లు చల్లబడుతుంది. కాకి వాలగానే తాటిపండు రాలినట్లు, ఘనత వాటికే దక్కుతుంది. “తగ్గింది కదా డాక్టరుగారూ” అని మందులు మధ్యలో మాని, మళ్లీ వణుకుతూ వచ్చినవారిని నా వృత్తిజీవితంలో ఎందరినో చూశాను. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాగి, నెలల తర్వాత కూడా తిరగబెట్టగలదు.

అమీర్‌పేట, పంజాగుట్ట వసతిగృహాలలోని విద్యార్థులు వానాకాలపు జ్వరానికి “వానలో తడిశాను, అందుకే” అని కారణం చెప్పుకొని ఊరుకోరాదు. రక్తపరీక్ష చేయించుకోవాలి, వైద్యుడు చెప్పినన్నాళ్లూ మందు వాడాలి, నీళ్ల డ్రమ్ములపై మూతలుంచాలి. ఏదైనా ఉపశమనం కలిగినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది చేయకపోయినా తగ్గి ఉండేదా?