పార్శ్వపు నొప్పి: నమ్మినవారి చరిత్ర

లండన్‌లో ఒక ఇంటి తోటలో ఆడుకొంటున్న మూడు నాలుగేళ్ల బాలుడికి కళ్ల ముందు ఉన్నట్టుండి ఒక వెలుగు పుట్టింది. అది వంకీలు తిరుగుతూ పెద్దదై, చూపులో సగభాగాన్ని మింగేసింది. బెదిరిపోయిన బిడ్డకు అదేమిటో తల్లి వివరించింది. ఆమె వైద్యురాలు; పైగా ఆమెకూ అదే బాధ ఉంది. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై 1970లో ‘మైగ్రేన్’ అనే పుస్తకం రాసిన నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్.

బిడ్డ మాటను తల్లి నమ్మింది. ఈ వ్యాధి చరిత్రలో అది చిన్న విషయం కాదు. పార్శ్వపు నొప్పిని ఏ రక్తపరీక్షా పట్టివ్వదు. స్కానింగులో సాధారణంగా ఏ దోషమూ కనిపించదు. రోగి చెప్పే మాటే వైద్యుడికి ఆధారం.

ప్రాచీనులు ఆ మాటను శ్రద్ధగానే విన్నారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం శిరోరోగాల్లో అర్ధావభేదకాన్ని చేర్చి, తలలో సగాన్ని చీల్చే ఆ నొప్పి పక్షానికో, పదిరోజులకో తిరిగి వస్తుందని గుర్తించింది. క్రీ.శ. 2వ శతాబ్ది నాటి గ్రీకు వైద్యుడు అరెటియస్ వెలుగును భరించలేక చీకటిని వెతుక్కొనే రోగులను, నొప్పి ధాటికి బతుకు మీదే విరక్తి పుట్టినవారిని వర్ణించాడు. గేలన్ వాడిన ‘హెమిక్రేనియా’, అంటే సగం కపాలం, నోళ్లలో నలిగి నలిగి ‘మైగ్రేన్’ అయింది.

1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఆంగ్ల వైద్యుడు తనకు కనిపించే కోటగోడ బురుజుల వంటి మెరుపుగీతలను బొమ్మలు గీసి ప్రచురించాడు. 1873లో ఎడ్వర్డ్ లివింగ్ ఈ నొప్పిని నాడుల్లో చెలరేగే తుఫానుగా వివరించాడు. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన చూపులో పాకే మచ్చను కొలిచి, మెదడులో ఏదో అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతూ ఉండాలని లెక్కగట్టాడు. మూడేళ్ల తరువాత ఆరిస్టిడెస్ లెయావో కుందేలు మెదడు మీద సరిగ్గా అలాంటి వేగంతోనే కదిలే అలను చూశాడు. రోగి కంటికి కనబడింది భ్రమ కాదని అలా తేలింది.

మందుల కథ వంకర దారుల్లో సాగింది. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజు మధ్యయుగపు ఐరోపాలో ఎందరినో బలిగొన్నది. ఆ విషం నుంచే 1918లో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. అది కణత దగ్గరి ధమని అదురును తగ్గిస్తుందని 1938లో గ్రాహమ్, వుల్ఫ్ చూపడంతో తప్పంతా రక్తనాళాలదేనన్న వాదం బలపడింది, లివింగ్ మాట మరుగున పడింది. 1990ల ఆరంభంలో సుమాట్రిప్టాన్ వచ్చింది. 2018 నుంచి, నాడులు విడుదల చేసే సీజీఆర్‌పీ అనే పదార్థం పనిని అడ్డుకొనే నివారణ మందులు వచ్చాయి. కథ మళ్లీ నాడుల దగ్గరికే చేరింది. అయితే నొప్పి మాత్రలను నెలలో పది పదిహేను రోజుల చొప్పున నెలల తరబడి మింగితే, ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి.

శాక్స్ పుస్తకంలో ఒక గణితవేత్త ఉన్నాడు. అతడికి ప్రతి ఆదివారం నొప్పి వచ్చేది. అది తగ్గాక రెండు రోజులు గణితం ఏరులా పారేది. వైద్యంతో నొప్పి పోయింది, దానితోపాటు గణితమూ పోయింది. ఉపశమనం అంటే ఏమిటో నిర్ణయించే ముందు రోగి జీవితమంతా వినాలని ఆ ఉదంతం వైద్యులకు నేర్పింది.

ఎయిరీ, లాష్లీ, శాక్స్ చదువుకొన్న పురుషులు గనుక వారి బాధ అచ్చయింది. కానీ ఈ నొప్పి స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తెలుగిళ్ల గూళ్లలోకి చేరింది. ఆ రాబడి ఆంధ్రపత్రికను నిలబెట్టింది. ఆ మందు నుదుటికి చల్లదనం ఇచ్చింది గాని లోపలి తుఫానును ఆపలేదు. తలుపులు మూసి, తలకు గుడ్డ బిగించి పడుకొన్న ఇల్లాలికి ‘పని తప్పించుకోవడానికి’ అన్న నింద మిగిలింది.

నొప్పి వచ్చిన తేదీ, ముందు రాత్రి నిద్ర, నెలసరి, వేసుకొన్న మాత్ర ఒక పుస్తకంలో రాసి తెమ్మని నేటి వైద్యులు అడుగుతున్నారు. ఎయిరీ బొమ్మలు చేసిన పనే ఆ పుస్తకమూ చేస్తుంది. దాన్ని తెరిచి చదివేవారు ఉండాలి, అంతే.