మురుగు చరిత్ర – 6 : పెట్లుప్పు నుంచి ప్లాంటు దాకా

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి ఫోను మోగింది. నాలుగేళ్ళ కిందట మా కాలేజీలో డిగ్రీ చదివిన కుర్రాడు. కెమిస్ట్రీ గ్రూపు. వాళ్ళమ్మ మునిసిపాలిటీలో స్వీపరు. "సార్, మురుగునీటి ప్లాంటులో ఆపరేటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. నత్రజని తీసేసే పద్ధతి గురించి అడుగుతారంట. బుక్కు చూస్తే బుర్రకెక్కట్లేదు, మీరు తెలుగులో చెప్పండి" అన్నాడు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి పట్టుకుని ఇదేం అడగడంరా అన్నాను. "మీరు వారం వారం మురుగు గురించే కదా సార్ రాస్తున్నారు" అన్నాడు. కాదనలేకపోయాను. గంటంబావు మాట్లాడుకున్నాం. ఆ మాటల్నే కాస్త సర్ది ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

నాకు చేతనైనది మాటల పని కాబట్టి మాటతోనే మొదలుపెట్టాను. నత్రజని అంటే ఏమిటి? 'జని' అంటే పుట్టించేది. 1790లో షాప్తాల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ వాయువుకి నైట్రోజన్ అని పేరు పెట్టాడు. నైటర్‌ని పుట్టించేది అని అర్థం. మనవాళ్ళు ఆ పేరునే తెలుగులోకి దించుకున్నారు. అంతకుముందు లవోయిజే దానికి 'అజోట్' అని పేరు పెట్టాడు, అంటే జీవం లేనిది. అందులో పెట్టిన జంతువు ఊపిరాడక చచ్చిపోతుంది కాబట్టి. మన కండలో, రక్తంలో, తిన్న పప్పులో ఉండేదాన్ని పట్టుకుని జీవం లేనిది అన్నారన్నమాట. పేర్లు పెట్టేవాళ్ళ తీరు ఎక్కడైనా అంతే.

ఆ నైటర్‌నే మనం పెట్లుప్పు అంటాం, సురేకారం అనీ అంటాం. తుపాకి మందులో ఎక్కువ పాలు అదే. అది ఎక్కడ దొరికేది? పశువుల కొట్టాల దగ్గర, ఇళ్ళ వెనక ఉచ్చ నీళ్ళు ఇంకే నేలమీద తెల్లగా పూసేది. బీహారులో నోనియా కులం వాళ్ళు ఆ మట్టిని గీకి తెచ్చి, నీళ్ళు పోసి వడగట్టి, ఆ నీళ్ళు కాచి పెట్లుప్పు తీసేవాళ్ళు. ఏ మట్టిలో అది పూస్తుందో, ఏ నెలలో గీకాలో, ఎంత కాగితే దిగుతుందో వాళ్ళకి తెలుసు. పాట్నా నుంచి డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఓడలకెత్తుకున్నది ఆ సరుకే. ప్లాసీ యుద్ధం అయిన మరుసటి ఏడే, 1758లో, ఈస్టిండియా కంపెనీ బీహారు పెట్లుప్పు మీద గుత్తాధికారం రాయించుకుంది. ఐరోపా యుద్ధాల్లో పేలిన తుపాకుల వెనక మన ఊళ్ళ ఉచ్చ ఉంది, నోనియాల గోళ్ళు ఉన్నాయి. వాళ్ళకి దక్కింది కంపెనీ అడ్వాన్సుల అప్పు.

ఉచ్చలో ఉన్నది యూరియా. అది కుళ్ళితే అమ్మోనియా అవుతుంది, మూత్రశాలల్లో ముక్కు పగలగొట్టే వాసన దానిదే. ఆ అమ్మోనియా నైట్రేటుగా మారితే పెట్లుప్పు. మధ్యలో ఈ మార్పు చేసేదెవరు? చాలాకాలం దాన్ని ఉత్త రసాయన చర్య అనుకున్నారు. 1877లో పారిస్‌లో ష్లోజింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, పైనుంచి మురుగునీళ్ళు మెల్లగా వదిలారు. ఇరవై రోజులపాటు ఏమీ జరగలేదు. ఆ తర్వాత అడుగున వచ్చే నీళ్ళల్లో నైట్రేటు కనపడటం మొదలైంది. ఉత్త రసాయన చర్య అయితే మొదటిరోజే రావాలి కదా? అందులోకి క్లోరోఫాం ఆవిరి పంపిస్తే నైట్రేటు ఆగిపోయింది. కొంచెం తోట మట్టి కలిపిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే లోపల ఉన్నది ప్రాణమున్నదే. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవుల్ని విడదీసి పట్టుకున్నాడు. ఒక రకం అమ్మోనియాని నైట్రైటు చేస్తుంది, ఇంకో రకం నైట్రైటుని నైట్రేటు చేస్తుంది. రెండిటికీ గాలి కావాలి. నైట్రేటుని విరగ్గొట్టి మళ్ళీ నత్రజని వాయువుగా గాల్లోకి వదిలే జీవులు వేరే ఉన్నాయని అప్పటికే, 1886లో, గేయోన్, ద్యుపెతి చూపించారు. వీటికి మటుకు గాలి ఉండకూడదు, తిండి ఉండాలి.

"అర్థమైందా, రెండు కులాలు" అన్నాను నవ్వుతూ. "కాదు సార్, రెండు షిఫ్టులు" అన్నాడు వాడు. వాడిదే మంచి మాట.

1914 ఏప్రిల్ 3. మాంచెస్టర్‌లోని గ్రాండ్ హోటల్లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ ఒక పత్రం చదివారు. ఈనాడు ప్రపంచంలో పెద్ద పెద్ద మురుగు ప్లాంట్లు చాలావాటికి మూలం ఆ పత్రమే. వాళ్ళు చేసింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. సీసాలో మురుగునీళ్ళు పోసి గాలి ఊదారు. అమ్మోనియా అంతా నైట్రేటుగా మారడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అప్పుడు పైన తేరిన నీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన మడ్డిని పారెయ్యకుండా ఉంచి, మళ్ళీ కొత్త మురుగు పోశారు. మళ్ళీ ఊదారు. ఇలా చేస్తూపోతే వారాలు పట్టే పని చివరికి ఒక్కరోజులోపు అయిపోయింది. అసలు సంగతంతా అందరూ పారబోసే ఆ మడ్డిలోనే ఉంది. దానికే యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పేరు పెట్టారు. ఒక్క మాట గమనించండి. పని అయిందా లేదా అని వాళ్ళు చూసుకున్న కొలత నైట్రేటే. ఈ పద్ధతి పుట్టుకలోనే నత్రజని ఉంది.

వాళ్ళ వెనక ఉన్న పెద్దాయన గిల్బర్ట్ ఫౌలర్. అమెరికాలో లారెన్స్ ప్రయోగశాల చూసొచ్చి ఈ ఆలోచన వాళ్ళ చెవిన వేసినవాడు. ఆయన 1916లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి ప్రొఫెసరుగా వచ్చాడు. ఇక్కడి నేలని చూశాక ఆయన పట్టు నత్రజనిని కాపాడుకోవడం మీదికి మళ్ళింది. ఎరువు లేక ఎండిన పొలాలున్న దేశం నత్రజనిని ఎలా పారబోసుకుంటుంది? 1934లో ఆయన అచ్చువేసిన పుస్తకం పేరులోనే నత్రజని పరిరక్షణ ఉంది. అదే బెంగుళూరులో 1939లో సి.ఎన్. ఆచార్య కంపోస్టు పద్ధతి ఒకటి తయారుచేశారు. గొయ్యిలో ఊరి చెత్త ఒక పొర, మలం ఒక పొర, మళ్ళీ చెత్త, మళ్ళీ మలం, పైన మట్టితో కప్పెయ్యడం. తిరగెయ్యక్కర్లేదు కాబట్టి అమ్మోనియా ఎగిరిపోదు, నత్రజని గొయ్యిలోనే నిలుస్తుంది. బెంగుళూరు పద్ధతి అని ఇప్పటికీ వ్యవసాయం పుస్తకాల్లో ఉంటుంది. పటం కూడా వేస్తారు. గొయ్యి ఉంటుంది, పొరలు ఉంటాయి, బాణం గుర్తులు ఉంటాయి. పొరలు వేసే మనిషి బొమ్మ నేనైతే ఎక్కడా చూళ్ళేదు.

మా ఇంట్లో ఆ మనిషి ఉండేవాడు. మేం రెల్లివాళ్ళం. సముద్రం పక్క ఒక చిన్న మునిసిపాలిటీలో మా తాత కంపోస్టు యార్డు కూలీ. మా నాయనమ్మ పాకీదొడ్లు ఎత్తేది. రేకు, చీపురు, డబ్బా. ఆవిడ ఎత్తింది బండికెక్కేది, బండి యార్డుకొచ్చేది, తాత గొయ్యిలో పొర వేసేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఊరి నత్రజని అంతా తిరిగేదన్నమాట. నాలుగైదు నెలలకి గొయ్యి తవ్వితే నల్లటి ఎరువు, వాసన ఉండేది కాదట. రైతులు బళ్ళు కట్టుకొచ్చి వేలంలో పాడుకునేవాళ్ళు. "మన ఎరువేస్తే వంకాయలు ఇంతింత కాసేవిరా" అని తాత అరచెయ్యి చాపి చూపించేవాడు. అదే రైతు ఇంటికి ఎప్పుడైనా వెళ్తే దాహానికి దోసిట్లో నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళట. ఎరువుకి లేని అంటు, దాన్ని చేసినవాడికి ఉండేది.

ఈ 'పాకీ' అన్న మాట చూడండి. పార్సీలో 'పాక్' అంటే శుద్ధం. హైదరాబాదు వైపు వాడే 'మెహతర్' కూడా పార్సీ మాటే, పెద్దాయన అని అర్థం. శుద్ధం, పెద్దాయన. ఇంత గౌరవమైన మాటలు మనదగ్గరికొచ్చి తిట్లయ్యాయి. నా పీహెచ్‌డీలో దీనిమీద ఒక అధ్యాయం రాద్దామనుకున్నాను. గైడుగారు "సభ్యంగా ఉండదు" అన్నారు. అది ఇంకోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. 1913లో జర్మనీలోని ఒప్పావులో హేబర్-బాష్ పద్ధతిలో గాల్లోంచి అమ్మోనియా తీసే కర్మాగారం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ యూరియా బస్తాలు ప్రపంచమంతా పరుచుకున్నాయి. నత్రజని చౌక అయిపోయింది. మురుగులో ఉన్న నత్రజని ఎవరికీ అక్కర్లేని సరుకైంది. అక్కర్లేకపోవడమే కాదు, బెడద అయింది. అమ్మోనియా చేపల్ని చంపుతుంది. నైట్రేటు చెరువుల్లో పాచిని పెంచుతుంది. మన ఊరి చెరువుమీద కమ్మేసిన గుర్రపుడెక్కకి మేత అదే. నిన్నటిదాకా కాపాడుకోమన్న నత్రజనిని ఇప్పుడు తీసెయ్యమన్నారు.

తియ్యడం ఎలా? వాడు చెప్పిన రెండు షిఫ్టులే. ముందు గాలి ఊది అమ్మోనియాని నైట్రేటు చెయ్యాలి. తర్వాత గాలి లేని తొట్టెలో నైట్రేటుని వాయువు చేసి వదిలెయ్యాలి. చిక్కు ఎక్కడంటే, రెండో షిఫ్టు వాళ్ళకి తిండి కావాలి. మొదటి తొట్టె దాటేసరికి మురుగులోని తిండంతా అయిపోతుంది. 1962లో లుడ్జాక్, ఎటింగర్ అనే అమెరికా వాళ్ళు వరస మార్చారు. గాలిలేని తొట్టెని ముందు పెట్టారు, అక్కడ పచ్చి మురుగు తిండిగా ఉంటుంది. వెనక తొట్టెలో తయారైన నైట్రేటుని ముందుకు తెచ్చి కలిపితే సరి. 1970ల మొదట్లో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బార్నార్డ్ ఆ నీళ్ళని పంపుతో పెద్ద ఎత్తున వెనకనుంచి ముందుకు తిప్పాడు, చివర ఇంకో జత తొట్లు కలిపాడు. దాని పేరు బార్డెన్‌ఫో. ఆ పేరులో మొదటి ముక్క ఆయన పేరే.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఏ దేశం, ఏ కాలం? ప్రిటోరియా, వర్ణవివక్ష పాలన. మురుగులోంచి నత్రజనిని తియ్యడంలో ప్రపంచానికే దారి చూపిన నగరం అది. అదే కాలంలో ఆ దేశపు నల్లవాళ్ళ టౌన్‌షిప్పుల్లో బకెట్ దొడ్లు. రాత్రిపూట నల్ల కూలీలే వచ్చి బకెట్లు ఎత్తుకుపోవాలి. ఆ పాలన పోయి ఏళ్ళు గడిచినా ఆ బకెట్లు పూర్తిగా పోలేదు. బార్నార్డ్ పనితనాన్ని నేను తక్కువ చెయ్యను, ఆ తొట్ల వరస చూస్తే నాకు పద్యంలో యతి కుదిరినట్టే ఉంటుంది. కాకపోతే సైన్సు ఎంత ఎదిగితే బకెట్ అంత తొందరగా పోతుందని ఎవరైనా అంటే నమ్మను. 1990ల్లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, గాలి లేకుండానే అమ్మోనియాని, నైట్రైటుని కలిపి వాయువు చేసే జీవిని కూడా కనిపెట్టారు. అనమాక్స్ అంటారు. మన దేశంలో అదే 1993లో పాకీదొడ్లు కట్టకూడదని మొదటి చట్టం వచ్చింది. అది చాలక 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సివచ్చింది.

ఇక మన ప్లాంట్ల సంగతి. 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన లెక్క: దేశంలోని పట్టణాల్లో రోజుకి 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. మరి నత్రజని? 2015లో కేంద్రం ముసాయిదా ఒకటి తెచ్చింది, శుద్ధి చేసిన నీళ్ళల్లో మొత్తం నత్రజని లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని. 2017లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ గీత మాయం. 2019లో హరిత ట్రిబ్యునల్ మళ్ళీ గుర్తుచెయ్యాల్సి వచ్చింది. ఎందుకు మాయమైందంటే డబ్బు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటు చెయ్యడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి, అంటే బ్లోయర్లు, అంటే కరెంటు. పైగా ఈ జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. మడ్డిని ముందే బయటికి తోసేస్తే అవి నిలవవు. బిల్లు తగ్గిద్దామని బ్లోయర్లు ఆపితే అమ్మోనియా వచ్చినది వచ్చినట్టే ఏట్లోకి పోతుంది.

"ఇది బాగా చదువుకో, ఇంటర్వ్యూలో అడుగుతారు" అన్నాను. తర్వాత వాడు అడగని సంగతి ఒకటి చెప్పాను. మురుగులో జీవులకి ఊపిరికి మొదట ఆక్సిజన్ కావాలి. అది అయిపోతే నైట్రేటు వాడుకుంటాయి. అదీ లేకపోతే సల్ఫేటు మీద పడతాయి. అప్పుడు పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. మ్యాన్‌హోల్‌లో మనవాళ్ళని చంపే గ్యాస్ అదే. మొదట కుళ్ళిన గుడ్ల వాసన, ఎక్కువైతే ముక్కు పనిచెయ్యదు, వాసన పోయిందిలే అనుకునేలోపే మనిషి పడిపోతాడు. బయటి దేశాల్లో ఆ గ్యాస్ పుట్టకుండా కాలవల్లోకి నైట్రేటు ద్రావణం వదులుతారు. వాళ్ళ మొదటి భయం కంపు గురించీ, పైపులు తినేస్తుందనీ. మన దగ్గర పైపులతోపాటు మనుషులూ పోతున్నారు. 2019 నుంచి 2023 దాకా మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోయినవాళ్ళు 377 మంది అని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి అరుస్తున్నది ఈ లెక్కకెక్కని చావుల్ని లెక్కలోకి తెమ్మనే. చనిపోయిన కుటుంబానికి పరిహారం 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలంది, 2023లో 30 లక్షలంది.

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "మా మావయ్య కూడా అలాగే సార్" అన్నాడు. నాకు ఆ సంగతి అంతవరకూ తెలీదు. మూడేళ్ళు నా క్లాసులో కూర్చున్నాడు, నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత వాడే మాట మార్చాడు. "సార్, ఆపరేటరైతే ఆక్సిజన్ మీటరు నా చేతిలో ఉంటదంట. రీడింగు 2 దగ్గర ఉండేలా చూసుకోవాలంట." ఆ ఉద్యోగాల్లో మనవాళ్ళకి ఇచ్చేది మామూలుగా హెల్పరు పోస్టు, తొట్టి కడిగే పని. వాడు మీటరు అడుగుతున్నాడు. మా తాతకి కూడా గొయ్యి ఎప్పుడు పండిందో చెయ్యి పెట్టి వేడి చూసి చెప్పడం తెలుసు, ఆ మాట రాసుకునే పుస్తకం మటుకు ఇన్‌స్పెక్టరు దగ్గర ఉండేది.

ఇంటర్వ్యూ గురువారం. మీలో ఎవరైనా ప్లాంట్లలో పనిచేస్తుంటే అక్కడ ఏ ప్రశ్నలడుగుతారో కామెంట్లలో రాయండి, వాడికి చూపిస్తాను. వచ్చే వారం పాకీదొడ్ల మీద పన్ను గురించి.

జై భీమ్.